ఉత్తరపాదము - ఉన్మత్తుడైన ముద్దాయి

వ్యవహారమునకు నాలుగు పాదములని ధర్మశాస్త్రకారుల నిర్ణయము. వాది నివేదించునది భాష. ప్రతివాది చెప్పునది ఉత్తరము. సాక్షి, లేఖ్యాదులచేత నిరూపించుట క్రియ. తుదకు తేలునది సాధ్యసిద్ధి. వీనిలో రెండవ పాదమును గూర్చి పాఠము చెప్పునపుడు అధ్యాపకులు సాధారణముగా దాని భేదములను వివరించి ముగింతురు. ఒప్పుకొనుట, కాదనుట, ఒప్పుకొనియు కారణము చూపి తప్పించుకొనుట, ఈ వివాదము మునుపే తీరినదనుట అను నాలుగు విధముల ఉత్తరము మితాక్షర చదివిన విద్యార్థికి కంఠస్థమైయుండును. కాని ఈ నాలుగింటిలో దేనినైనను చెప్పుటకు తగిన మనస్సే లేనివాని మాట ఏమి? రెండవ పాదము విరిగిన వ్యవహారము తక్కిన మూడు పాదములతో నడువవచ్చునా? ఈ ప్రశ్న పాఠశాలలో అరుదుగా వినబడును. న్యాయస్థానములలో మాత్రము ఇది నిత్యమైన ప్రశ్న. ఒక మనుష్యుని స్వేచ్ఛ, కొన్నిచోట్ల జీవితమంతయు, దీనికి చెప్పు సమాధానముపై ఆధారపడియున్నది.

స్మృతులు ఈ విషయమును ఎరుగకపోలేదు. ఓడినవానిగా పరిగణింపదగిన హీనవాదులను నారదుడు ఐదు తెరగులుగా చెప్పెను. మాట మార్చువాడు, నిరూపణమును ద్వేషించువాడు, సభకు రానివాడు, పిలువగా పారిపోవువాడు, వీరితోపాటు నిరుత్తరుడు, అనగా అడిగినదానికి బదులు పలుకనివాడు. అడిగినను పలుకకుండుట ఓటమికి గుర్తని దీని భావము. అయితే ఇదే సంప్రదాయము రాజు ఎవరిని సభకు పిలువరాదో కూడ చెప్పినది. రోగి, బాలుడు, వృద్ధుడు, ఆపదలో నున్నవాడు, వీరి సరసనే మత్తుడు, ఉన్మత్తుడు పేర్కొనబడిరి. యాజ్ఞవల్క్యస్మృతి వ్యాఖ్యలో విజ్ఞానేశ్వరుడు ఈ నిషేధమును ఉదాహరించుటయే కాక, వేరొకచోట ఉన్మత్తుడనగా వాత పిత్త శ్లేష్మ సన్నిపాత గ్రహములవలన కలుగు ఐదు విధముల ఉన్మాదములలో ఒకదానిచేత పీడింపబడినవాడని విడదీసి చెప్పెను. వైద్యశాస్త్రపు లెక్కను న్యాయశాస్త్రములోనికి తెచ్చిన ఈ చిన్న వాక్యమునకు తగిన గుర్తింపు రాలేదు. పలుకగలిగియు పలుకనివాడు నిరుత్తరుడు. పలుకలేనివాడు పిలువదగనివాడు. ఈ రెండింటి నడుమ గీత గీయుటయే నేటి న్యాయస్థానములలో మనోవైద్యునికి అప్పగింపబడుచున్న పని.

ఇంగ్లండులో 1836లో ప్రిచర్డు అను మూగచెవిటి ముద్దాయి విషయమున న్యాయాధిపతి జ్యూరీ ముందుంచిన ప్రశ్నలును ఈ గీతనే గీసినవి. ఇతడు కావలెనని మౌనము వహించెనా, లేక దైవకృతముగా పలుకలేకున్నాడా? అభియోగమునకు బదులు చెప్పగలడా? నడచుచున్న విచారణను తెలిసికొని తన్ను తాను రక్షించుకొనుటకు తగిన బుద్ధి ఉన్నదా? మొదటి ప్రశ్న నారదుని నిరుత్తరుని ప్రశ్నయే. దీనినిబట్టి మనవారే ముందు చెప్పిరని గర్వపడనక్కరలేదు. మనుష్యుని నోటిమాటను ఆధారముగా గొన్న ఏ న్యాయపద్ధతికైనను ఈ చిక్కు తప్పదు.

భారతదేశమున 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 25వ అధ్యాయమున, 328 మొదలు 339 వరకు గల సెక్షన్లలో ఈ విషయము చెప్పబడినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. ఇందులో 367వ సెక్షను నుండి ఇదే ప్రకరణము సాగును. రెండింటను సారమొక్కటే. ముద్దాయి అస్వస్థచిత్తుడై, దాని ఫలితముగా తన పక్షమును చెప్పుకొనజాలనివాడైనచో విచారణ ఆపవలెను. ఇక్కడ షరతులు రెండు. అస్వస్థత ఉండవలె, ఆ అస్వస్థత వలన అశక్తత కలుగవలె. మొదటిది ఉన్నంత మాత్రమున రెండవది ఉన్నట్లు కాదు. ఏండ్ల తరబడి మనోవ్యాధితో బాధపడుచు, మందు తీసికొనుచు, తన పొలము గట్టు తగాదాను వకీలుకు పూసగ్రుచ్చినట్లు చెప్పగలవారు కలరు. ఏ వ్యాధిపేరును లేకయే విచారణలో ఒక్క ముక్క అర్థము చేసికొనజాలనివారును కలరు. ఈ రెండవ తెగవారికై పాత కోడులో 318వ సెక్షను వేరుగా ఉండెను. కొత్త సంహితలో అది 357వది.

మరియొక భేదమును విద్యావంతులు కూడ తరచుగా మరతురు. నేరము జరిగిననాటి మనస్సు వేరు, విచారణనాటి మనస్సు వేరు. మొదటిదానిని గూర్చి భారత శిక్షాస్మృతి 84వ సెక్షను చెప్పెను. ఇప్పుడది భారతీయ న్యాయసంహిత 22వ సెక్షను. అది శిక్షనుండి తప్పించు కారణము, ప్రత్యవస్కందనము వంటిది. రెండవది ఉత్తరము చెప్పుటకు ముందే లేచు ప్రశ్న. హత్య చేసిననాడు తెలివిగానే ఉండి చెరసాలలో మతి చెడినవాడు ఉండవచ్చును. ఆనాడు ఉన్మత్తుడై నేడు చికిత్సచేత స్వస్థుడైనవాడు ఉండవచ్చును. పత్రికలలో ముద్దాయికి పిచ్చి అని ఒక్కమాట కనబడగానే అతడు విడుదలైపోవునని జనులు అనుకొనుటకు ఈ రెండింటిని కలగలుపుటయే కారణము. విచారణ ఆగుట విడుదల కాదు. ఈ దేశపు అనుభవములో అది కొన్నిమార్లు శిక్షకంటె దీర్ఘమైన నిర్బంధము.

ఇక పరీక్ష ఎట్లు చేయవలెను? ఇచ్చట యాజ్ఞవల్క్యుని వ్యవహారాధ్యాయము ఒక విలువగల హెచ్చరికను దాచియుంచినది. దుష్టుడైన వాదిని, సాక్షిని గుర్తించుటకు స్మృతికారుడు కొన్ని లక్షణములను చెప్పెను. అతడు ఒకచోట నిలువక అటునిటు కదలును. పెదవి మూలలను నాకును. నుదుట చెమట పట్టును. ముఖము వన్నె తప్పును. నోరెండి మాట తడబడును. పూర్వాపరవిరుద్ధముగా పలుకును. ఎదుటివాని మాటకు మాటగాని చూపునకు చూపుగాని ఇయ్యడు. ఈ పట్టికను నేటి మనోవైద్యుడు చదివినచో చకితుడగును. ఉన్మాదమునకు వాడు మందులలో కొన్ని రోగిని నిలుచున్నచోట నిలువనీయవు, నోరెండజేయును, దీర్ఘకాలము వాడినపుడు పెదవులును నాలుకయు తమంత తామే కదలునట్లు చేయును. భయము మిక్కుటమైనవానికి చెమటయు, కంఠశోషయు సహజము. మనోవ్యాధి ముదిరినవాడు కన్నెత్తి చూడడు. అనగా చికిత్సలోనున్న రోగి బోనులో నిలిచినచో స్మృతికారుని దుష్టలక్షణములు చాలవరకు అతనియందు కనబడును. చూచువాడు అతనిని అబద్ధికుడనియైనను అనుకొనును, వేషధారియనియైనను అనుకొనును.

విజ్ఞానేశ్వరుని గొప్పతనము ఇక్కడ తెలియును. ఈ లక్షణములు దోషమును ఊహించుటకు మాత్రమే గాని నిశ్చయించుటకు చాలవని ఆయన స్పష్టముగా వ్రాసెను. స్వభావముచేత కలిగిన వికారమును, నిమిత్తముచేత కలిగిన వికారమును వేరుచేసి తెలిసికొనుట మిక్కిలి కష్టమని దానికి కారణము చెప్పెను. పదకొండు పన్నెండవ శతాబ్దులనాటి ఒక వ్యాఖ్యాత ముఖము చూచి మనస్సును తీర్పు చెప్పరాదన్నాడు. ఇప్పటికిని పలుచోట్ల మేజిస్ట్రేటు ఎదుట నిలిచిన ముద్దాయి వాలకమును చూచియే, ఇతడు బాగుగనే ఉన్నాడని గాని, బాగుగా లేడని గాని నిర్ణయమైపోవును. వైద్యుని వద్దకు పంపుట దాని తరువాతి మాట. వాలకము బాగున్నదని తోచినచో పంపుటయే ఉండదు.

మృచ్ఛకటికము తొమ్మిదవ అంకమును ఈ దృష్టితో మరల చదువదగును. చారుదత్తుడు ఉన్మత్తుడు కాడు. కాని వసంతసేన మరణవార్తచేత కుంగినవాడు. వేశ్యతో స్నేహము నొప్పుకొనుటకు సభలో సిగ్గుపడినవాడు. మిత్రుని చంకనుండి నగలు జారిపడిన తరువాత అతని నోట సరియైన ప్రతివాదము వెలువడదు. బ్రదుకుమీద ఆశ పోయినవాడు ఇచ్చు ఉత్తరము ఉత్తరమగునా అని అధికరణికుడు అడుగలేదు. ఆయన సజ్జనుడే, చారుదత్తుని యందు గౌరవము గలవాడే. అయినను పద్ధతిలో ఆ ప్రశ్నకు చోటు లేకపోయినది. శూద్రకుడు శకారుని దుష్టతను చూపినంత బిగ్గరగా దీనిని చూపలేదు గాని, ఆ అంకములోని భయంకరత్వమంతయు నిజమునకు ఇందులోనే ఉన్నది.

వాలకముతో తీర్పు చెప్పరాదనుటకు జడభరతుని కథయు తోడగును. ఆంధ్ర మహాభాగవతమున ఈ కథగల పంచమస్కంధము పోతనది కాదు, గంగనది. జడునివలె, పిచ్చివానివలె మెలగిన భరతుని దొంగలు పశువుగా ఎంచి కాళికి బలి ఇయ్యబోయిరి. రహూగణుడు పల్లకి మోయించెను. అతడు నోరువిప్పి బదులు చెప్పినప్పుడు రాజు పల్లకి దిగెను. లోకమునకు అసమర్థుడుగా కనబడినవాడు అందరికంటె సమర్థుడైన ఉత్తరమునిచ్చెను. పోతన స్వగ్రామముగా ఓరుగల్లు ప్రాంతమువారు చెప్పుకొను బమ్మెరకును, సోమనాథుని పాలకుర్తికిని సమీపముననే ఉన్న పెద్దవంగర వంటి ఊళ్లలో ఈ కథను పురాణము చెప్పించుకొని విన్న తరములు కలవు. ఆ శ్రోతలకు పిచ్చికిని జడత్వమునకును మౌనమునకును గల భేదము తెలియనిది కాదు.

ఆ ప్రాంతపు పలుకుబడిలోనే ఇంతకంటె విలువైన మాట ఒకటి ఉన్నది. అది సోయి. ఫలానావానికి పిచ్చి అనుట ఒకటి, సోయి లేదనుట మరియొకటి. సోయి అనగా తానెక్కడ ఉన్నాడో, ఎదుట ఎవరున్నారో, ఏమి జరుగుచున్నదో ఎరిగియుండుట. తాగినవానికి సోయి ఉండదు, తెల్లవారిన వచ్చును. జ్వరము తలకెక్కినవానికి ఉండదు. పిచ్చియున్నవానికి ఒకపూట ఉండవచ్చును, ఒకపూట ఉండకపోవచ్చును. న్యాయశాస్త్రము అడుగు ప్రశ్న పిచ్చిని గూర్చినది కాదు, సోయిని గూర్చినది. మతిస్థిమితము లేనివాడు అను కార్యాలయపు మాటకంటె పల్లెటూరి మాట చట్టపు ఆంతర్యమునకు దగ్గరగా నున్నది. విచారణకు అర్హత అని కొందరు చేయు అనువాదము మరింత తప్పుదారి పట్టించును. అర్హత అనునది సంపాదించుకొను యోగ్యత. విచారింపబడుట ఒక పురస్కారమా? వ్యవహారపాదముల పరిభాషనుండియే ఉత్తరసామర్థ్యము అను మాటను గ్రహించినచో భావము చక్కగా ఇమిడియుండును. సంస్కృతాంధ్రములు బోధించు కళాశాలలు న్యాయపరిభాషకు చేయగల సేవ ఇట్టిదే. మూలఘటిక కేతన పదమూడవ శతాబ్దిలో మితాక్షరను విజ్ఞానేశ్వరీయముగా తెలుగు చేయుట వ్యవహారము జనుల భాషలో నడువవలెనను తలపుతోనే అయియుండవలెను.

భాష విషయము పరిభాషతో ముగియదు. మహబూబాబాదు జిల్లాలో లంబాడీల తండాలు, కోయగూడెములు విస్తారముగా ఉన్నవి. పెద్దవంగర మండలము 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనతో ఏర్పడినది. అంతకు పూర్వము ఆ ఊరు వరంగల్లు జిల్లా కొడకండ్ల మండలములోనిది. అట్టి ప్రాంతపు తండా మనిషి ఒకడు ముద్దాయి అయినాడనుకొందము. అతని ఇంటిభాష వేరు. పోలీసు వారితో మాటలాడునది సంత తెలుగు. వైద్యుడు అడుగునది పుస్తకపు తెలుగు. నివేదిక వ్రాయబడునది ఇంగ్లీషున. ప్రశ్నకు ఆలస్యముగా బదులిచ్చినచో అది మనోవ్యాధి లక్షణమా, భాష అర్థముకాక చేసిన ఆలోచనయా? దేవర పేర శిగమూగిన స్త్రీ ఆ పూట జరిగినది తనకు తెలియదని చెప్పినచో అది ఉన్మాదమా, ఆచారమా, బొంకా? అదే ఊరిలో పెరిగిన వైద్యునికైన ఇది ఒక్క కూర్చుండుటతో తేలునది కాదు. ఎచ్చటనో పెరిగినవానికి అసలే తేలదు. చరకుడు ఉన్మాదమును మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానము, స్మృతి, భక్తి, శీలము, చేష్ట, ఆచారము అను ఎనిమిదింటి విభ్రమముగా చెప్పెను. శీలమును ఆచారమును ఆ పట్టికలో చేర్చుటవలన ఒక మాట స్ఫురించును. ఆ మనిషి మునుపు ఎట్టివాడు, అతని కులమున ఊరున ఏది ఆచారము అని తెలిసినగాని అది తప్పినదో లేదో తెలియదు. తల్లిని, భార్యను, ఇరుగుపొరుగును అడుగకుండ వ్రాసిన నివేదిక చరకుని లెక్కలో సగము పరీక్షయే.

నటనను గూర్చిన భయము సహేతుకమైనదే. శిక్ష తప్పించుకొనుటకు పిచ్చి నటించువారు ఉందురు. బాధితుని కుటుంబము న్యాయమునకై ఎదురు చూచుచుండగా విచారణ వాయిదా పడుట వారికిని శిక్షయే. కాని నటనకు విరుగుడు అనుమానము కాదు, కాలము. పలుమార్లు, పలువేళల, పలువురు చూచినపుడు నటన నిలుచుట కష్టము. ఆసుపత్రిలో కొన్నిదినములుంచి నిద్రను, తిండిని, తోటిరోగులతో మాటలను గమనించుటకు వైద్యులు ప్రాధాన్యమిచ్చుట ఇందుకే.

అయితే కాలము రెండంచుల కత్తి. అస్సాములో మచల్ లాలుంగు అను గిరిజనుడు 1951లో తీవ్రగాయము చేసిన ఆరోపణపై బంధింపబడి తేజపురపు మానసిక చికిత్సాలయమునకు పంపబడెను. 1967లోనే అతడు స్వస్థుడైనాడని వైద్యులు తెలిపిరి. విడుదలకు గాని విచారణకు గాని బదులు అతనిని గౌహతి చెరసాలకు మార్చిరి. 2005లో ఒక్క రూపాయి జామీనుపై బయటికి వచ్చునప్పటికి యాబది నాలుగేండ్లు గడచినవి. అతనికి విచారణయే జరుగలేదు. ఇరువది మూడేండ్ల వయసున లోపలికి పోయినవాడు డెబ్బది ఏడేండ్ల వృద్ధుడై వచ్చి, రెండేండ్లకు మరణించెను. అంతకు పూర్వము 1982లో వీణా సేథీ కేసులో బీహారు హజారీబాగు చెరసాలలో మతి చెడినవారను పేర చిక్కి, బాగుపడిన పిదపను మరువబడిన పదునారుగురి సంగతి సుప్రీంకోర్టు ముందునకు వచ్చినది. కొందరు ఇరువది ఏండ్లకు పైబడి అందున్నవారు. వీరిని ఎవరును పగపట్టి బంధింపలేదు. విచారణ ఆపుట రక్షణ అనుకొన్నారు, ఆపినదానిని మరల తెరువవలసినవారెవరో ఏర్పరుపలేదు. అమెరికాలో 1972లో జాక్సను కేసున సుప్రీంకోర్టు దీనికొక హద్దు గీసినది. ముద్దాయి సమీప భవిష్యత్తులో సామర్థ్యము పొందునా లేదా అని తేల్చుటకు తగినంత కాలమే అతనిని ఆ కారణమున నిర్బంధింపవలెను గాని నిరవధికముగా కాదన్నది. ఆ జాక్సను చేసినాడన్న దొంగతనముల మొత్తము విలువ తొమ్మిది డాలర్లు.

భారతీయ చట్టములో 2008 నాటి సవరణ, అమలులోనికి వచ్చినది 2009 చివర, ఒక మంచి ఏర్పాటు చేసినది. ఉత్తరసామర్థ్యము లేదని తేలిన పిమ్మట, ముద్దాయిని ప్రశ్నింపకుండ, ప్రాసిక్యూషను వారి సాక్ష్యపు కాగితములను మాత్రము చూచి, అతని వకీలు మాట విని, పైకి కనబడు కేసైనను లేనిచో వాయిదా వేయుటకు బదులు వదలివేయవలెను. చికిత్సకై లోపల ఉంచనక్కరలేనివానిని బంధువో మిత్రుడో పూచీపడినచో నేరము జామీనుకు తగినదైనను కాకున్నను విడువవచ్చును. కొత్త సంహితయు దీనిని నిలుపుకొన్నది. కొరత ఎక్కడనగా, బంధువు లేనివాని మాట. ఇల్లు విడిచి తిరుగు మనోవ్యాధిగ్రస్తునికి పూచీపడువాడెవడు? చట్టము బంధువును ఊహించినది, వ్యాధి ముందుగా దూరము చేయునది బంధువునే.

ఇంత చెప్పినను స్మృతులను ఆదర్శముగా నెత్తిన పెట్టుకొనరాదు. ఉన్మత్తుని సభకు పిలువవద్దన్న గ్రంథములే అతనికి దాయభాగము లేదన్నవి, కూడు గుడ్డ మాత్రము పెట్టుమన్నవి. కౌటిల్యుడు ఉన్మత్తుని యాతనపెట్టి నిజము చెప్పింపరాదనుట దయగలమాటయే గాని, తక్కినవారిని పెట్టవచ్చునను ఒప్పుదల దాని వెనుక ఉన్నది. ఒకటి మాత్రము వారినుండి గ్రహింపదగినది. ధనవివాదములలో కొడుకో తమ్ముడో ప్రతినిధిగా బదులు చెప్పవచ్చును గాని, నరహత్య, చౌర్యము వంటి అభియోగములలో కర్త తానే పలుకవలెనను నియమము. ప్రాణము పోవు చోట పరుల నోరు చాలదని వారెరుగుదురు. వకీలు ఉన్నాడు గదా, ముద్దాయి మనస్సుతో పనియేమి అనువారికి ఇదే సమాధానము. వకీలుకు చెప్పవలసినవాడు ముద్దాయియే.

పెద్దవంగర వైపునుండి చూచినచో ఆచరణలోని దూరములు కంటికి కట్టును. ఆ ప్రాంతపు ఖైదీలకు ఏండ్ల తరబడి దిక్కుగానుండిన వరంగల్లు కేంద్రకారాగారము 2021లో ఆసుపత్రి నిర్మాణమునకై కూల్చివేయబడినది. అందలివారిని ఇతర చెరసాలలకు తరలించిరి. మానసిక చికిత్సకు పేరుపొందిన ప్రభుత్వాలయము హైదరాబాదు ఎర్రగడ్డలో ఉన్నది. ముద్దాయిని చూడబోవు తల్లికి కూలి పోవును, బస్సు చార్జీ పోవును. ఆమె రాకపోయినచో అతని పూర్వశీలము చెప్పువారుండరు. చట్టము మాత్రము ఇంత దూరము పొమ్మని నిర్బంధింపలేదు. మేజిస్ట్రేటు పంపగా ప్రభుత్వవైద్యుడు మనోవైద్యునికో మనస్తత్త్వనిపుణునికో అప్పగింపవలెను. ఆ నిర్ణయముపై ముద్దాయికి అసంతృప్తి కలిగినచో సమీప ప్రభుత్వ ఆసుపత్రి మనోవైద్యవిభాగాధిపతియు, సమీప వైద్యకళాశాల మనోవైద్యాచార్యుడును కలిసిన మండలికి అప్పీలు చేసికొనవచ్చును. ఇక్కడ సమీప అను పదము ముఖ్యమైనది. మహబూబాబాదులో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. వీని మనోవైద్యవిభాగములను ఈ పనికి వినియోగించుట న్యాయముగను ఉండును, సులభముగను ఉండును. ఊరి భాష తెలిసిన వైద్యుడు, ఊరినుండి రాగల బంధువు, మరల మరల చూడగల దగ్గరదనము అక్కడనే లభించును.

ఆ వైద్యుడు వ్రాయు నివేదికలో వ్యాధి పేరు చివర ఉండవలెను. తానెందుకు పట్టుబడినాడో ఇతడు తన మాటలలో ఏమని చెప్పెను? ఫిర్యాదు చేసినవాడెవడో, తీర్పు చెప్పువాడెవడో ఎరుగునా? శిక్ష పడిన ఏమగునో తెలియునా? సాక్షి అబద్ధమాడినచో అది అబద్ధమని వకీలు చెవిలో చెప్పగలడా? ఒక గంటసేపు వినుచు కూర్చుండగలడా? ఏ భాషలో అడిగిరి, దుభాషి ఎవరు, ఎన్నిమార్లు చూచిరి, ఆ దినమున ఏ మందు ఎంత ఇచ్చియుండిరి? సామర్థ్యము లేదన్నచో చికిత్సచేత వచ్చునా, ఎన్ని నెలలలో మరల చూడవలెను? మరల చూడవలసిన తేదీ నివేదికలోనే కాక న్యాయస్థానపు డైరీలో కూడ ఎక్కవలెను. లాలుంగు విషయమున 1967లో వైద్యులు తమ మాట చెప్పియుండిరి. దానిని అందుకొని తారీఖు వేయవలసినవాడు లేకపోయెను.